చట్టం తన పని తాను చేసుకుపోతుంది, డ్రోనూ అంతే

సరదాకి డ్రోన్ ఎగరేసేవాళ్లకి నిబంధనలు కాగితం మీదే ఉన్నాయని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. తీవ్రంగా ఖండిస్తున్నాను. నిబంధనలు యాప్‌లో కూడా ఉన్నాయి. ఎగరేసే ముందు తెర మీద ప్రత్యక్షమవుతాయి. ‘చదివాను, అంగీకరిస్తున్నాను’ అన్న చోట వేలు పెట్టి అన్నిటినీ ఒకేసారి పాటించేస్తాం.

ముందు బరువు సంగతి. అమెరికాలో సరదాకి ఎగరేసే డ్రోన్ 250 గ్రాములు దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. భారత్‌లో అన్నిటికన్నా చిన్న డ్రోన్లదైన నానో తరగతికి గీత గీసిందీ అక్కడే. ఇంకేం, కంపెనీలు 249 గ్రాముల డ్రోన్లు తయారుచేశాయి. దైవఘటన! ఎవరి వేళ్లూ తెగకుండా దాని రెక్కల చుట్టూ రక్షణ కవచం బిగించారనుకోండి, బరువు గీత దాటుతుంది. జాగ్రత్తపరుడు వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. కవచం లేనివాడు హాయిగా ఎగరేసుకోవచ్చు.

డ్రోన్ కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలన్నది మరో కఠిన నిబంధన. డబ్బా మీద మాత్రం పది కిలోమీటర్ల రేంజ్ అని అచ్చేస్తారు. అంత చూపున్న కొనుగోలుదారు ఏ కొండ మీద కాపురముంటున్నాడో కంపెనీవాళ్లకే తెలియాలి. మనకైతే అర కిలోమీటరు దాటాక అది కాకో డ్రోనో చెప్పడం కష్టం. అయినా ఎగరేసేవాళ్లలో ఆకాశం వైపు చూసేదెవరు? అందరి కళ్లూ ఫోన్ మీదే.

చాలా దేశాల్లో ఎత్తు 120 మీటర్లు దాటకూడదు. కొలిచే నాథుడెవరంటే, డ్రోనే. ముద్దాయీ అదే, సాక్షీ అదే.

అమెరికాలో 2021 నుంచి సరదా పైలట్లకు ఒక పరీక్ష కూడా ఉంది. జవాబు తప్పయితే ఎందుకు తప్పో ఓపిగ్గా చెప్పి మళ్లీ ఎంచుకోమంటారు. ఎంత ప్రతిభ ఉన్నా ఇందులో ఫెయిలవడం కుదరదు. విమానాశ్రయాల దగ్గర డ్రోన్‌ని అసలు లేవనివ్వని ఏర్పాటును డ్రోన్లు తయారుచేసే చైనా కంపెనీ డీజేఐ 2025 జనవరిలో అమెరికాలో ఎత్తేసింది. ఇప్పుడు హెచ్చరిక వస్తుంది. హెచ్చరికని ఏం చేయాలో పైన చెప్పాను.

ఇంత ఉదారంగా ఉంటే దొరికేదెవరు అంటారా? దొరుకుతారు. అదే నెలలో లాస్ ఏంజెలెస్ దగ్గర మంటలార్పుతున్న విమానాన్ని ఒక డ్రోన్ గుద్ది రెక్కకు చిల్లు పెట్టింది. ముక్కలు దొరికాయి, వాటిని పట్టుకుని వెళ్తే మనిషి దొరికాడు. డ్రోన్‌ని రెండు కిలోమీటర్లకు పైగా పంపి, కంటికి కనపడకుండా పోగొట్టుకున్నానని ఒప్పుకున్నాడు. అంతకుముందు ఫిలడెల్ఫియాలో ఒకాయనకైతే ఒక్క చిల్లు కూడా పెట్టకుండానే లక్షా 80 వేల డాలర్లకు పైగా జరిమానా ప్రతిపాదించారు. ఆయన తన సాహసాలన్నీ శ్రద్ధగా యూట్యూబ్‌లో పెట్టుకున్నారు లెండి. అధికారులు చేయాల్సిందల్లా చూడడమే. సబ్‌స్క్రైబ్ చేశారో లేదో తెలియదు.

నిఘా పని చేయడం లేదని ఇంకెవరైనా అనగలరా? కాకపోతే మన వంతు సహకారం కావాలి. ముక్కలైనా ఇవ్వాలి, వీడియో అయినా ఇవ్వాలి.

ఆ రెండూ ఇవ్వకపోతే ఎలా ఉంటుందో 2018 డిసెంబరులో లండన్ గాట్విక్ విమానాశ్రయం చూసింది. డ్రోన్ కనిపించిందన్న ఫిర్యాదులతో దాదాపు వెయ్యి విమానాలకు ఆటంకం కలిగింది, లక్షా 40 వేల మంది ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు. ఇద్దరిని అరెస్టు చేసి, కాదని తేలాక వదిలేశారు. ఒక దశలో అసలు డ్రోన్ ఉందా అన్న అనుమానం కూడా పోలీసు అధికారి నోటే వచ్చింది. డ్రోన్ దొరకలేదు, ఎగరేసినవాడూ దొరకలేదు. 2019లో దర్యాప్తు ముగించారు.

ఈ విషయంలో నెదర్లాండ్స్ పోలీసులకి మాత్రం నమస్కారం పెట్టాలి. డ్రోన్లను గాల్లోనే పట్టుకోవడానికి 2016లో గద్దలను రంగంలోకి దించారు. ఫారాలు, యాప్‌లు, హెచ్చరికలు ఏమీ లేవు, నేరుగా గోళ్లే. కానీ గద్దలకి ఖర్చెక్కువ, పిలుపులు తక్కువ, పైగా శిక్షణలో కూడా అవి అన్నివేళలా చెప్పిన మాట వినలేదు. 2017 చివరికల్లా విధుల నుంచి తప్పించారు. డ్రోన్ల రంగంలో క్రమశిక్షణ ఉల్లంఘన మీద ఇంత చురుగ్గా చర్య తీసుకున్న కేసు నాకు మరొకటి కనపడలేదు.