ఆపమన్నోడి కూలి పోకూడదు

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల గేట్ల దగ్గర సేఫ్టీ బోర్డులకి కొదవ లేదు. మార్చి 4న సేఫ్టీ డే పెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు, హెల్మెట్లు పంచుతారు, అన్నీ కావాల్సినవే, వద్దనట్లేదు. కానీ ఒక చోట పనిచేసేవాళ్ళ ప్రాణానికి విలువ ఉందా లేదా అనేది నేను ఒక్క ప్రశ్నతోనే తేల్చుకుంటా: "ఇది డేంజర్, మిషన్ ఆపండి" అన్నోడికి ఆ తర్వాత ఏమైంది?

ఇక్కడి నల్ల గెలాక్సీ గ్రానైట్ కోసేది డైమండ్ వైర్ సాతో, అంటే వజ్రపు పొడి అద్దిన పూసలుండే తీగ రంపంతో. రాయికి బొక్కలు కొట్టి, వాటిల్లోంచి వైర్ దూర్చి, రెండు కొసలు జాయింట్ చేసి, నీళ్ళు వదులుతా తిప్పుతారు. జాయింట్ సరిగ్గా నొక్కకపోయినా, వైర్ అరిగిపోయినా, నీళ్ళు తగ్గినా తెగుద్ది. తెగిందంటే ఆ వైర్ మీదుండే పూసలు (బీడ్స్) తూటాల్లాగా వస్తయ్, అందుకే వైర్ తిరిగే లైన్లో మనిషి ఉండకూడదు, అడ్డంగా గార్డ్ ఉండాలి. ఇదంతా అక్కడ పనిచేసేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. జాయింట్ తేడాగా ఉందని ముందు కనిపెట్టేది కూడా ఆపరేటరే, ఆఫీసులో ఉండే మేనేజర్ కాదు. కానీ ఆపితే గంట పోద్ది, కోసిన రాతి దిమ్మ కృష్ణపట్నం పోర్టుకో చెన్నైకో టైముకి పోవాలని పైనుంచి ఫోన్లు, మేస్త్రీకి టార్గెట్, లేబర్‌కేమో చేసిన పనిని బట్టి డబ్బులు. ఇన్ని ఒత్తిళ్ళ మధ్య "ఈ ఒక్కసారికి కానీలే" అనుకోవడం ఆ మనిషి నిర్లక్ష్యం అంటే నేనొప్పుకోను, అట్లా అనుకునేలా చేసింది మనం పెట్టుకున్న పద్ధతే.

1931లో హెయిన్‌రిచ్ అనే అమెరికా సేఫ్టీ నిపుణుడు ఒక లెక్క చెప్పాడు, ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్న గాయాలు, ఏ గాయం కాకుండా తప్పిపోయినవి 300 ఉంటాయని. ఆ నంబర్లు అన్ని చోట్లా పనికిరావని తర్వాతోళ్ళు తప్పుబట్టారు, అది నిజమే, కానీ తప్పిపోయినవాటిని చూడమన్న మాట మాత్రం మనకి ఇప్పటికీ అవసరం. మనకాడ రాయి జారి పక్కనే పడితే "దేవుడి దయ, తృటిలో తప్పింది" అనుకుని ఇంటికి పోతాం, ఎవరూ రాసుకోరు, మళ్ళీ క్వారీలో అదే మెట్టు (బెంచి) మీద అదే రాయి కింద పని.

అల్కోవా అనే అమెరికా అల్యూమినియం కంపెనీకి 1987లో పాల్ ఓనీల్ సీఈఓగా వచ్చాడు. 1996లో మెక్సికో ప్లాంట్లో పొగల వల్ల కార్మికులకి ఇబ్బందైన సంగతి పైకి చెప్పలేదని ఒక పెద్ద ఎగ్జిక్యూటివ్‌నే తీసేశాడు. ప్రమాదం జరిగినందుకు కాదు, దాచినందుకు. మనకాడ చెప్పినోడే ముందు పోతాడు, కాంట్రాక్టర్ రేపట్నించి రావొద్దంటే అడిగే దిక్కుండదు.

చట్టం లేదా అంటే ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీస్ యాక్ట్‌లో 41హెచ్ అనే సెక్షన్ పెట్టారు, ప్రాణాపాయం ఉందనుకుంటే చెప్పే హక్కు కార్మికుడిదని. 2025 నవంబర్‌లో ఆ యాక్ట్ స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది, అందులోనూ ఆ హక్కుంది. గనులకైతే వందమంది దాటితే సేఫ్టీ కమిటీ ఉండాలని పాత మైన్స్ రూల్స్‌లోనే రాశారు. మరి పదిమంది, ఇరవైమంది పనిచేసే పాలిషింగ్ యూనిట్ సంగతేంది? అక్కడ దుమ్ము ఇవాళ కనపడే గాయం చెయ్యదు, ఏళ్ళ తర్వాత సిలికోసిస్‌గా, అంటే రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుగా బయటపడుద్ది, దానికి నయం చేసే మందు లేదు. నీళ్ళతో కోయడం, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టడం, ఏటా ఎక్స్‌రే తీయించడం ఓనర్ల చేతిలో పని, మాస్క్ ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు.

నేననేది ఇంతే. ఆపిన గంటకి కూలి పూర్తిగా కట్టివ్వండి, పీస్ రేటు మీద ఉన్నోళ్ళకైనా సరే. తప్పిపోయిన ప్రమాదాలు రాసే పుస్తకం పెట్టండి, తనిఖీకొచ్చే ఆఫీసర్ ముందు అదే అడగాలి, ఏడాదంతా ఖాళీగా ఉంటే అక్కడ భయం ఉందని అర్థం చేసుకోవాలి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలకి పొద్దున షిఫ్ట్ ముందు ఐదు నిమిషాలు ఒడియాలో, హిందీలో చెప్పించండి, వాళ్ళలోనే సీనియర్‌ని పెట్టి, ఆ పనికి అతనికి వేరేగా డబ్బులిచ్చి.