2520 గొప్పదే, కానీ ఆ మెసేజ్‌లో చెప్పినందుకు కాదు

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, దగ్గరపడితే చాలు, ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. "2520 మామూలు సంఖ్య కాదు! 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ శేషం లేకుండా భాగించగల ఏకైక సంఖ్య. ప్రపంచ గణితవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్నా అంతుపట్టని ఈ రహస్యాన్ని రామానుజన్ ఛేదించారు. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు. గుణిస్తే 2520!" చుట్టాలు పంపితే ఊరుకున్నాను. ఈసారి లెక్కల మాస్టారొకరు పంపారు, ఇక ఊరుకోను.

"ఏకైక" అన్నారా? 5040ని భాగించి చూడండి. 7560ని కూడా. అయిపోయింది.

7×30×12లో పంచాంగ రహస్యమేమీ లేదు. 2520కి కావలసింది మూడు 2లు, రెండు 3లు, ఒక 5, ఒక 7. 30లో ఒక 2, ఒక 3, ఒక 5 ఉన్నాయి. 12లో మిగతా రెండు 2లు, ఒక 3. 7 ఎలాగూ ఉంది. లెక్క సరిపోయింది, అంతే. 5×7×8×9 అన్నా అదే వస్తుంది. దానికి ఏ మాసం పేరు పెడతారు?

నాకు ఒళ్లు మండేది రామానుజన్ ముక్క దగ్గర. 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ పంచుకోవచ్చనే ప్లేటో తన ఆదర్శ నగరానికి 5040 మంది పౌరులు ఉండాలన్నాడు. రెండు వేల ఏళ్లకు పైబడిన మాట అది. ఇప్పుడు బళ్లో పిల్లలు చేసే క.సా.గు. (ఇచ్చినవాటన్నిటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) లెక్కను రామానుజన్‌కి అంటగట్టి, అదే ఆయన ఘనత అని చాటితే అది పొగడ్తా, అవమానమా?

ఆయన చేసిందేమిటో వినండి. తనకన్నా చిన్నవాటన్నిటికంటే ఎక్కువ కారణాంకాలు (శేషం లేకుండా భాగించే సంఖ్యలు) ఉన్న సంఖ్యల మీద ఆయన రాసిన పెద్ద పత్రాన్ని 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ అచ్చువేసింది. అలాంటి సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే, ప్రధాన సంఖ్య పెరిగేకొద్దీ దాని ఘాతం (అది ఎన్నిసార్లు వస్తుందో ఆ లెక్క) పెరగదనీ, 4, 36 తప్ప మిగతా అన్నిటిలోనూ ఆఖరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుందనీ నిరూపించారు. ఆయన పట్టిక 6746328388800 దాకా వెళ్లింది. దానికి 10080 కారణాంకాలు. కంప్యూటర్ లేని రోజుల్లో! ఆ పట్టికలో జారిపోయింది ఒకే ఒక్కటి, 293318625600. దాన్ని 23తో గుణించండి, పట్టికలోని ఆ చివరి సంఖ్యే వస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 2520 ఆ పట్టికలో ఉంది, నిజంగానే అరుదైనది. దాని కారణాంకాలు 48. అంతకుమించి కావాలంటే సరిగ్గా రెట్టింపు, 5040 దాకా వెళ్లాల్సిందే. మధ్యలో ఏదీ దాటదు. ఇలా రెట్టింపు దాకా పోటీ లేని సంఖ్యలు మొత్తం ఏడే: 1, 2, 6, 12, 60, 360, 2520. ఆ తర్వాత ఎంత దూరం వెళ్లినా ఇంకొకటి లేదు. రామానుజన్ పేరుతో 2520 గురించి పంపాలనుకుంటే, ఇది పంపండి.