పెళ్లి ఆపారు సరే, ఆ ఇంటికి మళ్లీ ఎవరు వెళ్లారు?

మాఘం వచ్చినా వైశాఖం వచ్చినా జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా మండలంలో పదో తరగతి చదివే అమ్మాయికి పెళ్లి చేయబోతుంటే ఐసీడీఎస్ అధికారులు, పోలీసులు, బాలల సంరక్షణ సిబ్బంది వెళ్లి అడ్డుకున్నారు. తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయబోమని హామీపత్రం రాయించుకున్నారు. ఇలాంటి వార్త చదివి పక్క ఊళ్లో మరో తండ్రి వెనక్కి తగ్గవచ్చు, అందుకే అవి రావాలి. కానీ నెల తిరిగాక ఆ అమ్మాయి బడికి వెళ్తోందా, ఇంట్లో తిట్లు తింటోందా, చుట్టాల ఊరికి తీసుకెళ్లి గుళ్లో తాళి కట్టించేశారా అన్నది ఎక్కడా తెలియదు. ఈ ప్రశ్నలు అందరికంటే ముందు అడగాల్సింది ఆ కేసు చూసిన సోషల్ వర్కర్ పై అధికారి. వారానికోసారైనా ఆ వర్కర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో కుటుంబం గురించి మాట్లాడే ఏర్పాటు మన బాలల సంరక్షణ వ్యవస్థలో లేదు. దీనిని మించిన లోపం ఆ వ్యవస్థలో మరొకటి లేదన్నది మా నిశ్చితాభిప్రాయం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లోనే వచ్చింది. అంటే చట్టం తెలిసీ, శిక్ష ఉందని తెలిసీ ఈ పెళ్లిళ్లు జరుగుతున్నాయి. ముహూర్తం రోజున పందిట్లోకి వెళ్లి ఆపడం చివరి నిమిషం పని. అసలు పని అంతకు ఏడాది ముందు, బడి మానేసిన రోజున మొదలవ్వాలి. పెళ్లి ఆగాక కూడా చాలాకాలం సాగాలి.

ఆ పని చేసేవాళ్లు ఎవరు, ఎంతమంది? బాలల సంరక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద ప్రతి జిల్లాకూ ఒక బాలల సంరక్షణ విభాగం ఉండాలి. జిల్లా అధికారి ఒకరు, ఇద్దరు ప్రొటెక్షన్ ఆఫీసర్లు, ఒక లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, ఒక కౌన్సెలర్, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు ఔట్‌రీచ్ వర్కర్లు, లెక్కలకూ కంప్యూటర్‌కూ మరో ముగ్గురు. మొత్తం పన్నెండు మంది. ఊళ్లు తిరగాల్సింది ప్రధానంగా ఆ నలుగురు వర్కర్లే. సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592 రూపాయలు. అదీ కాంట్రాక్టు మీద.

ఆ నలుగురి నెత్తిన ఉన్న పని చూడండి. బాలల సహాయవాణి 1098కి వచ్చే కాల్స్, రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లలు, ఇటుక బట్టీల్లో, పత్తి చేలల్లో పనికి కుదిరిన పిల్లలు, పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో బాధితులు, తల్లిదండ్రులు పోయి చుట్టాల ఇళ్లలో తలదాచుకుంటున్న పిల్లలు. బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చిన ప్రతి బిడ్డ గురించీ సామాజిక విచారణ పదిహేను రోజుల్లో పూర్తి కావాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఆ నివేదికను బట్టే బిడ్డను ఇంటికి పంపాలా, బాలల హోమ్‌లో ఉంచాలా అని కమిటీ తేలుస్తుంది. ఒక పిల్లవాడి జీవితం ఎటు తిరగాలో నిర్ణయించే కాగితం అది. రాసేవాళ్లకు ఆ కుటుంబంతో ఒకటి రెండు సార్లు మాట్లాడే వ్యవధే దొరుకుతుంది. రాసింది సరిగ్గా ఉందా, ఏదైనా వదిలేశారా అని శ్రద్ధగా చదివి తిరిగి ప్రశ్నించే మనిషి చాలాచోట్ల లేడు.

సమీక్షలు లేవని మేము అనడం లేదు. వీడియో కాన్ఫరెన్సులు ఉన్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు ఉన్నాయి, నెలవారీ పట్టికలు ఉన్నాయి. ఎన్ని పెళ్లిళ్లు ఆపారు, ఎంతమంది పిల్లలను రక్షించారు, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టారు అన్నవే వాటిలో అడుగుతారు. ఈ అంకెలు ప్రభుత్వానికి కావాలి, కాదనలేం. అయితే అమ్మాయి బడి మానకుండా చూసుకున్న వర్కర్ పని ఏ గడిలోనూ పడదు. ఇంట్లోంచి పారిపోవాలనుకున్న పిల్లవాడితో ఆరు నెలలు మాట్లాడి ఆపిన పనికీ కాలమ్ లేదు. పట్టికలో పడని పని మీద ఎవరూ సమయం పెట్టరు. పై అధికారి అడగని పని నెమ్మదిగా ఆగిపోతుంది. ముందుగా నివారించే పనిని మన వ్యవస్థ అలా తనకు తెలియకుండానే చేజార్చుకుంటోంది.

వారం వారం జరగాల్సిన ఆ సంభాషణ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ ఊహించి చెప్పుకుందాం. కడప వైపో కోనసీమ వైపో ఒక ఊళ్లో తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. తండ్రి తాగుతాడు. పదిహేనేళ్ల అమ్మాయి అమ్మమ్మ దగ్గర ఉంది. సంబంధం కుదిరింది, ఎవరో 1098కి ఫోన్ చేశారు, పెళ్లి ఆగింది. వర్కర్ హామీపత్రం తీసుకుని వచ్చింది. పట్టిక ప్రకారం కేసు ముగిసింది. మంచి సూపర్‌వైజర్ అయితే ఇక్కడే మొదలుపెడతారు. అమ్మాయితో విడిగా మాట్లాడావా, లేక అందరి ముందేనా? రాత్రిపూట ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? అమ్మమ్మకు అంత తొందర దేనికి, తను పోతే పిల్ల గతి ఏమిటన్న భయమా, ఊళ్లో ఎవరైనా వెంటపడుతున్నారా? తల్లితో ఫోన్లో మాట్లాడావా? కస్తూర్బా విద్యాలయంలో సీటు ఖాళీ ఉందా? కుటుంబ ఆదాయం ఎంత, ప్రభుత్వం నెలనెలా ఇచ్చే స్పాన్సర్‌షిప్ సాయానికి అర్హత ఉందా? మళ్లీ ఏ రోజు వెళ్తున్నావు?

ఈ ఆరేడు ప్రశ్నలకు అరగంట పడుతుంది. ఏ కొత్త పథకమూ అక్కర్లేదు. వర్కర్‌కు చేతకాక అడగాల్సినవి వదిలేసిందని మేము అనుకోవడం లేదు. పందిట్లో మగపెళ్లివాళ్లు గొడవ చేస్తుంటే, ఊరి పెద్దలు నిలదీస్తుంటే ఇవన్నీ ఆ క్షణాన ఎవరికైనా తట్టవు. తర్వాత ప్రశాంతంగా కూర్చుని ఆలోచించడానికి ఇంకో మనిషి కావాలి.

వర్కర్ పడే టెన్షన్ సంగతి ఎవరూ మాట్లాడరు. కన్నతండ్రి చేతిలోనే పాడైపోయిన పిల్ల చెప్పిన మాటలు విని, రాసుకుని, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్లి తన పిల్లలకు అన్నం పెట్టాలి. మళ్లీ ఆ ఊరికి వస్తే కాళ్లు విరగ్గొడతామన్న బెదిరింపును మింగి మర్నాడు అదే ఊరికి వెళ్లాలి. వీళ్లలో చాలామంది పాతికేళ్లు దాటీ దాటని ఆడపిల్లలు. ఈ బరువు దింపుకునే చోటు ఆఫీసులో లేకపోతే మనిషి రాయిలా మారిపోతుంది, లేదా ఉద్యోగం వదిలేస్తుంది. ఒకరు వెళ్లిపోయిన ప్రతిసారీ ఆ కుటుంబాలన్నీ తమ కథను కొత్త మనిషికి మొదటినుంచి చెప్పుకోవాలి. ఒకసారి నమ్మి చెప్పిన పిల్ల రెండోసారి నోరు విప్పడం కష్టం.

సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదివే విద్యార్థులకు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. ఆ రోజుల్లో అధ్యాపకులు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వాళ్లు రాసిన నివేదికలు చదివి, ఇలా ఎందుకు అడిగావు, ఆమె ఏడ్చినప్పుడు నువ్వేం చేశావు అని చర్చించడం ఆ చదువులో భాగం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ హైదరాబాద్ కళాశాలల్లోనూ ఈ చదువు దశాబ్దాలుగా ఉంది. ఇంత అండ విద్యార్థికి ఇచ్చి, నిజమైన కేసులు, నిజమైన ప్రమాదాలు చేతికి వచ్చే ఉద్యోగంలో మాత్రం ఒంటరిగా వదిలేస్తున్నాం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోని సంవాద్ కేంద్రం బాలల సంరక్షణ సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. మంచి పని. కానీ శిక్షణ ముగిసి జిల్లాకు తిరిగివచ్చాక, నేర్చుకున్నది కేసులో ఎలా వాడాలో చూపించే సీనియర్ పక్కన లేకపోతే ఆ నాలుగు రోజుల పాఠం ఎంతకాలం నిలుస్తుంది?

పర్యవేక్షణ లోపిస్తే ఏమవుతుందో లండన్ చూసింది. ఐవరీ కోస్ట్ నుంచి బంధువు వెంట వచ్చిన విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప 2000 ఫిబ్రవరిలో చిత్రహింసలతో చనిపోయింది. సామాజిక సేవల విభాగాలు, ఆస్పత్రులు, పోలీసులు అందరికీ ఆ పాప సంగతి అంతకుముందే తెలుసు. లార్డ్ లేమింగ్ జరిపిన విచారణ నివేదిక 2003 జనవరిలో వచ్చింది. పాపను కాపాడే అవకాశం కనీసం పన్నెండు సార్లు చేజారిందని అది తేల్చింది. కింది వర్కర్ మీద నెపం వేసి పైవాళ్లు తప్పుకోవడం కుదరదని, వర్కర్ పనిని సీనియర్లు క్రమం తప్పకుండా దగ్గరుండి పరిశీలించాలని నొక్కి చెప్పింది. మన దగ్గర ఏదైనా ఘోరం జరిగినప్పుడు సస్పెండయ్యేది, కాంట్రాక్టు పోయేది కింది స్థాయి ఉద్యోగికే. ఆ కేసు గురించి ఆమెతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారని పై అధికారిని అడిగిన విచారణలు మనకు కావాలి.

నివారణకు డబ్బు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. భర్త పోయిన తల్లి, ప్రాణాంతక జబ్బుతో మంచం పట్టిన తండ్రి, తల్లిదండ్రులు లేని మనవళ్లను సాకుతున్న తాతలు ఇలాంటి కుటుంబాలకు, బిడ్డ ఇంటి నుంచి దూరం కాకుండా ఉండటానికే ఆ డబ్బు. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు. బిడ్డను హోమ్‌లో పెట్టడం చివరి మార్గం కావాలని చట్టమే అంటోంది. అమెరికా కూడా ఈ దారికే వచ్చింది. పిల్లలను ఇంటి నుంచి తీసేశాక ఫోస్టర్ కేర్‌కు ఖర్చయ్యే కేంద్ర నిధులను, తీసే అవసరం రాకుండా తల్లిదండ్రులకు చికిత్సకూ ఇంటివద్ద సాయానికీ వాడుకునేలా 2018లో చట్టం చేసుకుంది. అయితే ఈ డబ్బు ఏ ఇంటికి చేరాలో కనిపెట్టేది వర్కరే. ఇంటికి వెళ్లి చూసి, దరఖాస్తు నింపించి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ముందుకు ఫైలు చేర్చాలి. డబ్బు మొదలయ్యాక పిల్ల బడికి వెళ్తోందో లేదో చూడాలి. ఆ పనిని వారం వారం అడిగేవాళ్లుంటే అర్హులైన కుటుంబాలు బయటపడతాయి. లేకపోతే ఆఫీసు చుట్టూ తిరగగలిగినవాళ్లకే అందుతుంది.

కోర్టు, చట్టం రెండూ ఇప్పటికే దారి చూపాయి. బాల్య వివాహాలపై 2024 అక్టోబర్ 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు శిక్షల కన్నా నివారణకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చింది. జిల్లా స్థాయిలో బాల్య వివాహాల నిషేధ అధికారులకు ఆ ఒక్క బాధ్యతే ఉండాలని, అదనపు పనులు పెట్టవద్దని చెప్పింది. మన దగ్గర ఈ హోదా రెవెన్యూ, ఐసీడీఎస్ అధికారులకు ఉన్న పనులకు తోడుగా తగిలించారు. ఎన్నికలు, భూముల సర్వే, పోషకాహారం అన్నీ అయ్యాక మిగిలిన సమయం దీనికి. ఇక జువెనైల్ జస్టిస్ చట్టానికి 2021లో చేసిన సవరణ జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కలెక్టర్ పర్యవేక్షణలోకి తెచ్చింది. కలెక్టర్ ప్రతి వర్కర్‌తోనూ కూర్చోలేరు, కూర్చోనక్కర్లేదు. తన ప్రొటెక్షన్ ఆఫీసర్లు కూర్చుంటున్నారా అని అడిగితే చాలు.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ మేము కోరేది ఇది. ప్రొటెక్షన్ ఆఫీసర్లు ప్రతి వర్కర్‌తోనూ వారానికి ఒక గంట విడిగా కూర్చుని కేసులు చర్చించాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ గంటలో అంకెల ఊసు ఉండకూడదు. ఏం మాట్లాడుకున్నారో, వర్కర్ తర్వాత చేయాల్సిందేమిటో రెండు వాక్యాలు ఫైలులో రాయాలి. ఆపిన ప్రతి పెళ్లి విషయంలోనూ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా కేసు తెరిచే ఉంచాలి. కలెక్టర్ సమీక్షలో ఎన్ని ఆపారన్న ప్రశ్నతో పాటు, పోయిన ఏడాది ఆపినవాటిలో ఎంతమంది ఇంకా చదువుకుంటున్నారన్న ప్రశ్న కూడా ఉండాలి. ఖాళీ పోస్టులు నింపడం, ఊళ్లు తిరిగే ఖర్చులు నెలనెలా చేతికి అందించడం, రాత్రి వేళ వెళ్లే వర్కర్ వెంట పోలీసు తోడు ఉండటం వేరే చెప్పనక్కర్లేని కనీసాలు. ప్రొటెక్షన్ ఆఫీసర్లకు ఈ పద్ధతి నేర్పడానికి విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ విభాగాలను పిలవండి. అక్కడ అనుభవమున్న అధ్యాపకులు ఉన్నారు, అడిగితే వస్తారు.

మిషన్ వాత్సల్య ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్రాలు ఏటా ప్రతిపాదనలు పంపితే ఢిల్లీలోని ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ఆమోదిస్తుంది. అమరావతి, హైదరాబాద్ సచివాలయాల నుంచి ఈసారి వెళ్లే ప్రతిపాదనల్లో సూపర్‌వైజర్ల శిక్షణకు, అదనపు సోషల్ వర్కర్లకు విడిగా పద్దు పెట్టాలి. కేంద్రం ఒప్పుకోకపోతే రాష్ట్ర నిధులతోనే మొదలుపెట్టాలి.