దమ్ము ఉన్నంతసేపే యుద్ధం: గండమ్ ఆటలో గెలుపోటముల లెక్క

1979 ఏప్రిల్ 7న జపాన్‌లో ‘మొబైల్ సూట్ గండమ్’ టీవీ సిరీస్ మొదలైంది. తొలి ఎపిసోడ్‌లో పదిహేనేళ్ల అమురో రే, నడపడం సరిగా రాని గండమ్ అనే భారీ రోబోలోకి ఎక్కి, ఎదురొచ్చిన శత్రు రోబో జాకును బీమ్ కత్తితో నరుకుతాడు. మరుక్షణమే జాకు రియాక్టర్ పేలి, వాళ్లంతా నివసించే అంతరిక్ష కాలనీ గోడకే పెద్ద చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి బయటికి కొట్టుకుపోయినవాళ్లలో అమురో తండ్రి కూడా ఉంటాడు. రెండో జాకు మీదికి వచ్చినప్పుడు అమురో రియాక్టర్ జోలికి పోడు. పైలట్ కూర్చునే చోటే చూసి కత్తి దింపుతాడు.

దర్శకుడు తొమినో యొషియుకి ఆ రోజు చూపించింది యంత్రం తాలూకు బరువు. 18 మీటర్ల గండమ్ ఏం చేసినా దానికో మూల్యం ఉంటుంది. ఈ సిరీస్‌ల మీద వచ్చే ఆటలను తూచాల్సింది కూడా ఈ తక్కెడలోనే. రంగులు, గొంతులు, పాటలు తెచ్చిపెట్టుకోవడం తేలిక. మీట నొక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి ఖర్చవుతోందన్న స్పృహ ఆడేవాడి వేళ్లకు తెలియడమే కష్టం. 2001లో కాప్‌కామ్ తయారుచేసిన ‘ఫెడరేషన్ వర్సెస్ జియాన్’తో మొదలైన ఇద్దరిద్దరి పోరు వరస ఆ పని బాగా చేసింది. అందులో 2020 జూలై 30న ప్లేస్టేషన్ 4కి వచ్చిన ‘ఎక్స్‌ట్రీమ్ వర్సెస్ మాక్సీబూస్ట్ ఆన్’ను దగ్గరగా చూద్దాం.

అందులో యంత్రాలు 180కి పైనే. మీటలు మాత్రం నాలుగే: స్క్వేర్‌తో కాల్పు, ట్రయాంగిల్‌తో కత్తి, ఎక్స్‌తో ఎగరడం, సర్కిల్‌తో గురి మార్చడం. అసలు ఆటంతా ఎక్స్ మీటలో ఉంది. నొక్కి పట్టుకుంటే రోబో పైకి లేస్తుంది, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే దూసుకుపోతుంది. రెండింటికీ బూస్ట్ గేజి, అంటే ఎగిరే శక్తి ఎంత మిగిలిందో చూపే కొలత, కరుగుతుంది. నేల మీద కాలు మోపితే తప్ప అది తిరిగి నిండదు.

మన చెడుగుడు తెలిసినవాళ్లకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. కూత పెట్టి వెళ్లినవాడు ఊపిరి తెగేలోపు గీత దాటి వెనక్కి రావాలి. ఇక్కడ ఊపిరి బూస్ట్, గీత నేల. గేజి పూర్తిగా అయిపోయాక దిగితే రోబో కాసేపు కదలకుండా నిలబడిపోతుంది. ఎదుటివాడు కాచుక్కూర్చునేది ఆ ఘడియ కోసమే. కొంత బూస్ట్ మిగుల్చుకుని దిగినవాడికి ఆ ఆగడం చాలా తక్కువ. కొత్తవాళ్లు తినే దెబ్బల్లో ఎక్కువ భాగం గాల్లో తగిలేవి కావు, నేలకు దిగేటప్పుడు తగిలేవే. గేజిలో పావు వంతు మిగిలి ఉండగానే దిగడం అలవాటైతే చాలు, ఆటతీరు మారిపోతుంది.

తర్వాత గురి సంగతి. లక్ష్యం చుట్టూ గుర్తు ఎర్రగా ఉంటేనే తూటా శత్రువు వైపు వంగుతుంది. ఆకుపచ్చగా ఉంటే దూరం ఎక్కువని అర్థం, తూటా తిన్నగా పోతుంది. తప్పించుకునేవాడు కేవలం దూసుకుపోతే ఆ వంపు తెగదు. దిశ మీటను రెండుసార్లు తట్టి పక్కకు వేసే స్టెప్ ఒక్కటే తూటా వెంటపడటాన్ని తెంచుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా నేర్చుకుంటారు, తుపాకీ పేలగానే దూసుకుపోతారు.

ఇంకో సూక్ష్మం ఉంది, ఈ ఆట ఎంత శ్రద్ధగా కట్టారో అందులోనే కనిపిస్తుంది. శత్రువుకు వీపు చూపించి పారిపోతూ మామూలు రైఫిల్ పేలిస్తే, రోబో పరుగు ఆపి, మొత్తం ఒళ్లు వెనక్కి తిప్పి, అప్పుడు కాలుస్తుంది. అంత పెద్ద ఇనుప శరీరం తిరగాలంటే ఆగాలి మరి. ఆ ఆగిన క్షణంలో అది దొరికిపోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు నేరుగా వెనక్కి పారిపోరు, శత్రువు ముందువైపే ఉండేలా ఏటవాలుగా జరుగుతూ కాలుస్తారు.

ఒక దెబ్బ లెక్క చూడండి. సాధారణ బీమ్ రైఫిల్ తగిలితే శత్రువు ప్రాణంలో 70 పోతుంది. కాల్పు, దూసుకుపోవడం, కాల్పు, దూసుకుపోవడం, కాల్పు అని కలిపి మూడూ తగిలించినా 210 రాదు, 147 వస్తుంది. రెండోదానికి 70 శాతం, మూడోదానికి 40 శాతం బలమే ఉంటుంది కాబట్టి 70, 49, 28. మూడో తూటాతో శత్రువు కూలబడతాడు, లేచేదాకా అతనికి దెబ్బ తగలదు. చాలా యంత్రాల ప్రాణం 500 నుంచి 700 మధ్యలో ఉంటుంది కనుక ఒక్క దాడితో ఎవరూ చావరు. ఓపికగా నాలుగైదుసార్లు దొరకబుచ్చుకోవాలి.

సాధన చేయాలనుకునేవాళ్లకు దారి ఇది: ఫ్రీ బ్యాటిల్ అనే సాధన విభాగంలో కదలని శత్రువును పెట్టుకుని, ఈ మూడు తూటాల వరసను తడబాటు లేకుండా పదిసార్లు వేయగలిగే దాకా వేయండి. తర్వాత అదే వరస పూర్తయ్యాక గేజి మిగిలి ఉండగా దిగడం. ఆ తర్వాతే కత్తి. కత్తితో మొదలుపెట్టినవాళ్లు దూరం అంచనా రాక చాలాకాలం అక్కడే ఆగిపోతారు.

ఆన్‌లైన్‌లో మరో అడ్డంకి ఉంది. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది, ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి టోక్యో ఆరు వేల కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో వెలుగు వెళ్లే వేగంతో లెక్కేసినా ఒక వైపుకే రెండు ఫ్రేములు పోతాయి, కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. వైఫై తడబాటు దానికి తోడైతే దిగేటప్పుడు కొట్టే ఆ చిన్న వ్యవధి చేజారిపోతుంది. ల్యాన్ కేబుల్ పెట్టుకోవడం, దగ్గరి దేశాలవాళ్లతో గదులు కట్టుకోవడం తప్ప వేరే మందు లేదు.

అన్నింటికన్నా లోతైనది కాస్ట్ లెక్క. జట్టులోని ఇద్దరికీ కలిపి 6000 పాయింట్లు. యంత్రాల ధరలు 3000, 2500, 2000, 1500. కూలినప్పుడల్లా ఆ ధర జట్టు ఖాతాలోంచి పోతుంది, సున్నాకు చేరితే ఓటమి. మిగిలినది మీ ధరకన్నా తక్కువైతే మళ్లీ పుడతారు గానీ మిగిలిన పాయింట్లను బట్టి తగ్గిన ప్రాణంతో.

3000, 2000 జత తీసుకోండి. ముందు 3000 కూలితే 3000 మిగులుతుంది, అతను పూర్తి ప్రాణంతో తిరిగొస్తాడు. తర్వాత 2000 కూలితే ఖాతాలో 1000, కాబట్టి ఆ చిన్నవాడు సగం ప్రాణంతో వస్తాడు. ఇప్పుడు వరస తిప్పి చూడండి. 2000వాడు తొందరపడి ముందు పోతే 4000 మిగులుతుంది. తర్వాత 3000 పోతే మిగిలేది 1000. అంటే జట్టులో అందరికన్నా బలమైన యంత్రం మూడో వంతు ప్రాణంతో దిగుతుంది. కూలినవి రెండే, పోయిన పాయింట్లూ అవే 5000. వరస మారడంతో జట్టు నడుం విరిగింది.

కాబట్టి ఖరీదైన యంత్రం ముందుండి దెబ్బలు తినాలి, చౌకది వెనక నుంచి కాస్తూ ప్రాణం దాచుకోవాలి. 1979 నాటి గండమ్ ఇక్కడ 2000 ధర యంత్రం. దాన్ని ఎంచుకున్న కొత్త అభిమాని తానే కథానాయకుడినని ముందుకు దూకుతాడు, తన జతగాడి 3000కి ఎసరు పెడతాడు. తప్పు పూర్తిగా అతనిది కాదు. ఈ లెక్కను విడమరిచి నేర్పే పాఠం ఆటలో ఎక్కడా పెట్టలేదు. జపాన్ ఆర్కేడ్‌లలో పక్కన నిలబడి చెప్పే పాత ఆటగాళ్లు ఉంటారు. ఇంట్లో ఒంటరిగా కొన్నవాడికి ఎవరున్నారు? ఇంత పకడ్బందీగా అల్లిన నియమాలను కొన్నవాడి ఊహకు వదిలేయడం తయారీదారుల పెద్ద లోపం. ముందు ఎవరు కూలాలో జతగాడితో కలిసి ఆడి నేర్పే ఐదారు చిన్న మిషన్లు పెట్టి ఉంటే సరిపోయేది.