బోర్డు మారితే మంచం ఖాళీ అవుతుందా?

బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను ఇంగ్లండ్‌లో నడిపించే ‘ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్’ అనే సంస్థను రద్దు చేస్తే, చికిత్స కోసం ఎదురుచూసేవాళ్ల వెయిటింగ్ లిస్టు కరిగిపోతుందన్నట్టు కొందరు రాశారు. అంత సులువేం కాదండీ. 2025 మార్చిలో ప్రధానిగా స్టార్మర్ రద్దు ప్రకటించింది పైనున్న పాలనా సంస్థను మాత్రమే, ఆస్పత్రులను కాదు. 2012 చట్టంతో కన్జర్వేటివ్ మంత్రి లాన్స్‌లీ పెట్టిన సంస్థ అది. చట్టంతో పుట్టింది కాబట్టి పూర్తిగా తీసేయడానికీ పార్లమెంటులో చట్టం కావాల్సిందే. పైగా ఇది ఇంగ్లండ్ వరకే. స్కాట్లండ్, వేల్స్ లెక్క వేరు.

అసలు చిక్కుముడి వార్డులో ఉంది. తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు ఆపరేషన్ అయింది, డాక్టరు ఇంటికెళ్లొచ్చన్నారు. కానీ ఇంట్లో చూసుకునే మనిషిని కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఏర్పాటు చేసేదాకా మంచం ఖాళీ కాదు. కింద ఎమర్జెన్సీలో రోగి స్ట్రెచర్ మీదే, బయట అంబులెన్సు క్యూలోనే. వైద్యం ఉచితమే గానీ సంరక్షణ కాదు: ఆస్తి 23,250 పౌండ్లు దాటితే మామూలుగా కౌన్సిల్ సాయం అందదు. ఆ సంగతి తేల్చడానికి ప్రభుత్వం వేసిన కేసీ కమిషన్ తుది నివేదికకు 2028 దాకా గడువిచ్చారు! 92 శాతం మందికి 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్న లక్ష్యానికేమో 2029 మార్చి గడువు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి: సంరక్షణ సంగతి తేలేసరికే లక్ష్యం గడువు ముంచుకొస్తుంది.