గడ్డికప్పు మీంచి కుక్కలేవీ జారిపడలేదు

వాట్సాప్ గ్రూపుల్లో పోయినట్టే పోయి మళ్లీ తిరిగొచ్చే ఒక పొడవాటి మెసేజ్ ఉంది. 1500ల నాటి ఇంగ్లండ్‌లో జనం ఎలా బతికేవాళ్లో వర్ణిస్తూ, ఇంగ్లిష్ నుడికారాలన్నీ ఆ ఇంట్లోంచే పుట్టాయంటుంది. పైకప్పు నుంచి ఒకటి, నేల నుంచి రెండు, స్నానపు తొట్టి నుంచి ఒకటి, శ్మశానం నుంచి ఏకంగా మూడు. 1999లో రాసినవాళ్ల పేరు లేకుండా ఈమెయిల్‌గా మొదలై, ఇప్పుడు స్పోకెన్ ఇంగ్లిష్ వీడియోల్లో పాఠం అయి కూర్చుంది.

చదవడానికి సరదాగా ఉంటుంది, కాదనను. కానీ ఇన్ని నుడికారాల్లో ఒక్కటైనా మొదట ఎప్పుడు, ఎవరి రాతలో కనిపించిందో అందులో ఉండదు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే కథలన్నీ వరసగా కూలిపోతాయి.

మొదట అందరికీ తెలిసిన 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే జోరువాన. మెసేజ్ చెప్పేది ఇదీ: ఇళ్లకి గడ్డికప్పులు, చలికి కుక్కలూ పిల్లులూ ఆ గడ్డిలో దూరి పడుకునేవి, వాన పడితే గడ్డి జారుడెక్కి అవి దబ్బున కింద పడేవి. పూరిల్లు ఎరిగిన మనవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కప్పు నేసేవాడు చుక్క నీరు దిగకుండా గడ్డిని కట్టలు కట్టలుగా బిగించి కడతాడు. అందులో ఎలుక దూరుతుందేమో గానీ కుక్క ఎక్కడ దూరుతుంది? పోనీ కప్పు మీదే పడుకుందనుకుందాం. వాన మొదలయ్యాక కూడా జారిపడేదాకా అక్కడే తడుస్తూ ఉంటుందా?

ఇక ఆధారాలు. 1651లో అచ్చయిన హెన్రీ వాన్ కవితలో, సంతకి సరుకు మోసుకెళ్లే చిల్లర వర్తకులు 'కుక్కలూ పిల్లులూ కురిసే జల్లు' నుంచి తమ సామాను కాపాడే కప్పు కావాలనుకుంటారు. చూశారా, అక్కడ కప్పు పని వాటిని కింద పడెయ్యడం కాదు, లోపలికి రాకుండా ఆపడం. 1653లో రిచర్డ్ బ్రోమ్ నాటకంలో 'కుక్కలూ పోల్‌క్యాట్లూ' కురుస్తాయి. పోల్‌క్యాట్ అంటే ముంగిస పోలికలో ఉండే, కంపు కొట్టే అడవి జంతువు. మెసేజ్ లెక్కన అది కూడా జనం ఇళ్ల మీద కాపురం పెట్టి ఉండాలి! ఇప్పుడు మనం వాడే రూపం రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738లో వేసిన సంభాషణల పుస్తకంలో ఉంది. ఇదే స్విఫ్ట్ 1710లో లండన్ వాన మీద రాసిన కవితలో వీధి మురుగులో మునిగిన కుక్కపిల్లలూ చచ్చిన పిల్లులూ కొట్టుకొస్తాయి. నుడికారం ఆ దృశ్యంలోంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. అంతకు అరవై ఏళ్ల ముందే మాట వాడుకలో ఉందిగా, అదీ నిలవదు.

అసలు ప్రతి అతిశయోక్తి వెనకా ఒక ప్రమాదం జరిగి ఉండాలని ఎందుకనుకోవాలి? వేల్స్‌లో జోరువానకి 'ముసలమ్మలూ చేతికర్రలూ కురుస్తున్నాయి' అంటారు. మనం కుండపోత అంటాం. మిద్దెల మీంచి ఎవరో కుండలు వంపారని ఇంతవరకు ఎవరూ మెసేజ్ పెట్టలేదు.

స్నానం సంగతి. 'అందరూ ఏడాదికోసారి మే నెలలో స్నానం చేసేవాళ్లు, ఒళ్లు కంపు కొట్టకముందే జూన్‌లో పెళ్లిళ్లు, మొదలైన కంపుని కప్పడానికి పెళ్లికూతురి చేతిలో పూలగుత్తి.' రోజూ తొట్టి నింపుకోకపోయినా ఆనాటివాళ్లు చేతులు, ముఖం కడుక్కునేవాళ్లు, బట్ట తడిపి ఒళ్లు తుడుచుకునేవాళ్లు. పంటలు పండించే ప్రాంతాల్లో పెళ్లిళ్ల జోరు కోతలయ్యాక, శరత్కాలంలో ఉండేది. చేతిలో డబ్బు ఆడేది అప్పుడే కదా. ఈమెయిల్ కొన్ని రూపాల్లో షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే ఇంటి వర్ణనతో మొదలయ్యేది. ఆవిడ పెళ్లికి అనుమతి తీసుకున్నది 1582 నవంబర్ చివర్లో. మెసేజ్ లెక్క ప్రకారం స్నానం చేసి ఆరు నెలలు దాటాక!

ఆ స్నానం చుట్టూనే ఇంకో కథ. ఒకే తొట్టి నీళ్లలో ముందు ఇంటిపెద్ద, తర్వాత మగపిల్లలు, ఆడవాళ్లు, చివరికి పసిబిడ్డ. అప్పటికి నీళ్లెంత మురికిగా ఉండేవంటే బిడ్డని చూడకుండా నీళ్లతో పాటు పారబోసే ప్రమాదం ఉండేదట. 'బేబీని బాత్‌వాటర్‌తో పాటు పారెయ్యొద్దు' (పనికిరానిదాన్ని వదిలించుకోబోయి మంచిదాన్ని పోగొట్టుకోవద్దు) అన్న మాట అలా వచ్చిందట. ఇక్కడ శతాబ్దం మాత్రం కలిసింది, దేశం తప్పింది. అది జర్మన్ సామెత. థామస్ మూర్నర్ 1512లో మూర్ఖుల మీద రాసిన వ్యంగ్య కావ్యంలో ఉంది, దానికి చెక్కబొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మలో బిడ్డ స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాడు. కనిపిస్తున్నా పారబోస్తుంది కాబట్టే ఆవిడ మూర్ఖురాలు. నీళ్లు మురికై బిడ్డ కనబడలేదంటే ఇక ఆ వ్యంగ్యానికి అర్థమేముంది? మత సంస్కర్త మార్టిన్ లూథర్ వాడాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ వాడాడు. ఇంగ్లిష్‌లోకి మాత్రం 19వ శతాబ్దం మధ్యలో రచయిత థామస్ కార్లైల్ ద్వారా వచ్చింది. 1500ల ఇంగ్లండ్ తల్లి ఎవరూ ఆ మాట విని ఉండదు.

నేల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. మట్టినేల ఉన్నవాళ్లు 'డర్ట్ పూర్' (కటిక పేదలు) అట. ఇది 20వ శతాబ్దపు అమెరికా మాట. ఇక గడపని 'థ్రెషోల్డ్' అనడానికి కారణం, నేల మీద పరిచిన 'థ్రెష్' అనే గడ్డి బయటికి జారకుండా 'హోల్డ్' చేసే చెక్క అట. ఇంగ్లిష్ ఇళ్లలో తుంగ పరిచేవాళ్లన్నది నిజమే. పైన కొత్త తుంగ వేస్తూ పోతారే గానీ అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మురికి తియ్యరని ఆ కాలపు డచ్ పండితుడు ఎరాస్మస్ చిరాకు పడ్డాడు కూడా. కానీ ఆ గడ్డిని థ్రెష్ అని ఎవరూ అనలేదు. థ్రెషోల్డ్ వెయ్యేళ్లు దాటిన పాత ఇంగ్లిష్ మాట. అందులో మొదటి సగం 'తొక్కడం' అనే ధాతువుకి చుట్టం. గడపని దాటేటప్పుడు తొక్కుతాం, అంతే.

ఇప్పుడు శ్మశానం. చోటు చాలక పాత సమాధులు తవ్వితే ఇరవై ఐదు శవపేటికల్లో ఒకదానికి లోపల గోళ్ల గీతలు కనిపించాయట. దాంతో శవం చేతికి తాడు కట్టి, పైన గంటకి తగిలించి, రాత్రంతా ఒకడిని కాపలా పెట్టారట. అదే 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' (అర్ధరాత్రి డ్యూటీ). గంట మోగి బయటపడ్డవాడు 'సేవ్డ్ బై ద బెల్', వాడే 'డెడ్ రింగర్' (అచ్చు గుద్దినట్టు పోలిన మనిషి). ఒకే తాడుకి మూడు నుడికారాలు కట్టిన పనితనాన్ని మెచ్చుకోవాలి. దీని వెనక ఒక నిజం కూడా ఉంది. బతికుండగా పాతిపెడతారేమోనన్న భయం 18, 19 శతాబ్దాల్లో యూరప్‌ని బాగా పట్టుకుంది. గంటలు, గాలి గొట్టాలు ఉన్న పేటికలకి పేటెంట్లు తీసుకున్నారు. 1897లో కార్నీస్-కార్నిట్స్‌కీ అనే ప్రభువు తయారుచేసినది బాగా పేరుపడింది. అయితే ఇవన్నీ 1500లకి రెండు మూడు వందల ఏళ్ల తర్వాతి సంగతులు.

నుడికారాలకి వాటితో సంబంధమే లేదు. 'సేవ్డ్ బై ద బెల్' బాక్సింగ్ మాట: దెబ్బతిని కూలబోతున్నవాడిని రౌండ్ ముగిసిందని చెప్పే గంట కాపాడుతుంది. 'రింగర్' 19వ శతాబ్దపు అమెరికా గుర్రప్పందేల మాట: ఒక గుర్రం పేరు మీద మోసంగా దింపే దాని పోలిక గుర్రం. ముందున్న 'డెడ్'కి చావుతో పని లేదు, అచ్చంగా అని అర్థం. 'చచ్చేంత ఇష్టం' అన్నప్పుడు మనం మాత్రం ఎవరిని చంపుతున్నాం? గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్ కూడా అమెరికాదే. అర్ధరాత్రి పనిచోట శ్మశానంలా నిర్మానుష్యంగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. షిఫ్టులే లేని కాలంలో షిఫ్ట్ పేరు ఎలా పుడుతుంది?

టమాటా పులుపుకి పళ్లేల్లోని సీసం తిండిలోకి దిగి చాలామంది చచ్చారని, అందుకే టమాటాలంటే విషమని భయపడేవాళ్లని కూడా మెసేజ్‌లో ఉంది. జాన్ జెరార్డ్ తన మొక్కల పుస్తకంలో టమాటా గురించి రాసిందే 1597లో. శతాబ్దం ముగియడానికి మూడేళ్లుంది. అప్పటికి అది సామాన్యుల పళ్లెంలోకి రానే లేదు.

మెసేజ్‌కి ఎంతోకొంత ఊతం దొరికేది 'అప్పర్ క్రస్ట్' (పైపెచ్చు, అంటే పెద్దింటివాళ్లు) దగ్గర. మాడిన అడుగు పనివాళ్లకి, పైపెచ్చు దొరలకి అంటుంది. 15వ శతాబ్దంలో జాన్ రస్సెల్ అనే సేవకుడు రాసిన మర్యాదల పుస్తకంలో, రొట్టె పైపెచ్చు కోసి ప్రభువుకి ఇవ్వాలని నిజంగానే ఉంది. అయితే పెద్దింటివాళ్లని ఆ మాటతో పిలవడం 19వ శతాబ్దంలో గానీ కనబడదు. మధ్యలో మూడు వందల ఏళ్ల పైన ఎవరూ ఆ అర్థంలో వాడకపోతే, రొట్టెకీ దొరకీ ముడి పెట్టడం కష్టం. పైన ఉన్నది కాబట్టి పైవర్గం అన్నారంటే సరిపోతుంది.

చివరగా 'బ్రింగ్ హోమ్ ద బేకన్' (పందిమాంసం ఇంటికి తేవడం, అంటే గెలుచుకునో సంపాదించుకునో రావడం). చుట్టాలొస్తే గొప్ప కోసం పందిమాంసం వేలాడదీసి చూపించేవాళ్లట. కొందరు దీన్ని ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతంలోని డన్మో ఊరి ఆచారంతో ముడిపెడతారు. ఏడాది మీద ఒక రోజు పాటు పెళ్లి గురించి పశ్చాత్తాపపడని జంటకి అక్కడ పంది పక్కమాంసం బహుమతి. 14వ శతాబ్దపు కవి ఛాసర్ కూడా దాన్ని ప్రస్తావించాడు. ఆచారం పాతదే గానీ నుడికారం పాతది కాదు. అది జనం నోళ్లలో పడింది 1906 సెప్టెంబర్ 3న, అమెరికా నెవాడాలోని గోల్డ్‌ఫీల్డ్‌లో బాక్సర్లు జో గాన్స్, బ్యాట్లింగ్ నెల్సన్ తలపడినప్పుడు. గాన్స్ నల్లజాతి ఛాంపియన్. 42 రౌండ్లు కొట్టుకున్నాక నెల్సన్ నడుము కింద కొట్టి ఓడిపోయాడు. బేకన్ ఇంటికి తీసుకురమ్మని గాన్స్‌కి వాళ్లమ్మ పంపిన టెలిగ్రామ్ పత్రికలకెక్కింది, ఆటల విలేకరులు ఆ మాటని వదల్లేదు. గెలిచాక కొడుకు కూడా టెలిగ్రామ్‌లోనే జవాబిచ్చాడు: బేకన్ ఒక్కటే కాదు, గ్రేవీ కూడా దొరికిందని.