తేదీ చెప్పాక వెనక్కి తగ్గొద్దు

2020 డిసెంబర్‌లో, సర్వర్లలో నడిచే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 8 వాడుతున్నవాళ్ల నెత్తిన ఓ ప్రకటన పిడుగులా పడింది. 2029 దాకా వస్తాయనుకున్న అప్‌డేట్లు 2021 డిసెంబర్ 31తో ఆగిపోతాయన్నది దాని సారాంశం. అప్పటికి ఆ వెర్షన్ విడుదలై ఏడాదీ మూడు నెలలే. ఇంకా విడ్డూరం, దానికంటే పాతదైన సెంటాస్ 7కు మాత్రం 2024 జూన్ 30 దాకా ఏ ఢోకా లేదు. బుద్ధిగా కొత్తదానికి మారినవాళ్లు ఏడాదిలో మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. బద్ధకించి పాతదాన్నే పట్టుకుని వేలాడినవాళ్లు నిశ్చింతగా ఉండిపోయారు. సెంటాస్‌కు ప్రత్యామ్నాయాలుగా ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ పుట్టుకొచ్చింది ఆ గందరగోళంలోంచే.

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో విడుదలకు ఎన్నాళ్లు సపోర్ట్, అంటే లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు, ఇవ్వాలన్న చర్చ ఎప్పుడొచ్చినా ఏళ్ల లెక్క దగ్గరే తెల్లవారుతుంది. ఇలాంటి సిస్టమ్‌లలో ఫెడోరా 13 నెలలు ఇస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకో విడుదల తెచ్చి, చివరి రెండింటికే ప్యాచ్‌లు (లోపం సరిదిద్దే చిన్న మార్పులు) ఇస్తుంది. డెబియన్‌కు మూడేళ్లు, ఆపైన ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) బృందం చేతుల్లో మరో రెండేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్ ఐదేళ్లు, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ పదేళ్లు. వీటిలో ఏ ఒక్కదాన్నీ మేం తప్పుపట్టం. 13 నెలలేనని ముందే చెప్పి ఇచ్చేవాళ్లతో పేచీ ఏముంది? పదేళ్ల ఆశ చూపి రెండేళ్ల చిల్లరకే చేతులెత్తేస్తేనే పేచీ.

పాత విడుదలను బతికించడం మాటలు కాదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లో 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం సంగతే చూడండి. అవతలి కంప్యూటర్ తాను పంపిన సందేశం ఇంత పొడవని చెబితే, నిజంగా అంత ఉందో లేదో చూడకుండానే సర్వర్ అంత పొడవూ తన మెమరీలోంచి తీసి తిరిగి పంపేసేది. ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా, అందులో పాస్‌వర్డ్‌లున్నా సరే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు 1.0.1జి తెచ్చి లోపం సరిదిద్దారు. కానీ అప్పటి డెబియన్ స్థిర విడుదల వీజీలో ఉన్నది 1.0.1ఇ. స్థిర విడుదలలో వెర్షన్ మార్చేస్తే దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు ఎక్కడ తేడా కొడతాయో చెప్పలేం. అందుకే పొడవు సరిచూసే ఆ కొద్ది పంక్తులనే తెచ్చి 1.0.1ఇలో అమర్చారు. వెర్షన్ నంబర్ చూసి తీర్పిచ్చేసే సెక్యూరిటీ స్కానర్లు ఇలాంటి ప్యాకేజీల మీద ఇప్పటికీ అనవసరంగా గగ్గోలు పెడుతుంటాయి. అన్నట్టు, అంతకుముందు విడుదల స్క్వీజ్‌లో ఉన్న 0.9.8కు ఆ జబ్బే లేదు!

1.0.1ఇ, 1.0.1జి రెండూ దగ్గర దగ్గర వెర్షన్లు కాబట్టి పని తేలికైంది. అదే ఏడెనిమిదేళ్ల పాత కోడ్ అయితే ఆ ఫంక్షన్ ఈపాటికి వేరే ఫైల్‌లోకి మారిపోయి, పూర్తిగా తిరగరాసి ఉంటుంది. అసలు ఆ లోపం పాతదానిలో ఉందా లేదా అని తేల్చడానికే రోజులు పడుతుంది. అది రాసినాయన వేరే పనిలో పడిపోయి ఉంటాడు. కొత్త ఫీచర్ తెస్తే పేరొస్తుంది, పాత కోడ్‌కు ప్యాచ్ వేస్తే అడిగే నాథుడుండడు. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ ఎల్‌టీఎస్ గడువును 2017లో రెండేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచినవాళ్లే 2023లో మళ్లీ రెండేళ్లకు దించుతామన్నారంటే ఆ భారం అర్థమవుతుంది. అయితే అక్కడ ఒక మర్యాద పాటించారు. ఆరేళ్లని అప్పటికే చెప్పిన వెర్షన్లను నడిమధ్యలో వదల్లేదు. 4.19 కెర్నల్ అనుకున్నట్టే 2024 డిసెంబర్ దాకా నడిచింది.

ఉచితంగా ఇచ్చేవాళ్లను నిలదీసే హక్కు ఎవరికుందని కొందరంటారు. లైసెన్స్‌లో ఏ హామీ లేదని రాసే ఉంటుంది, నిజమే. కానీ సపోర్ట్ తేదీ లైసెన్స్ కాదు. దాన్ని నమ్ముకునే జనం సర్వర్లు కొంటారు, సిబ్బందిని పెట్టుకుంటారు. అంతకాలం మోయలేమనుకుంటే తక్కువే చెప్పాలి, ఓపిక మిగిలితే తర్వాత పెంచుకోవచ్చు.

మామూలు వాడకానికి ఐదేళ్లు సరిపోతాయన్నది మా అభిప్రాయం. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి వస్తుంది కనుక కొత్తది వచ్చాక కూడా మారడానికి మూడేళ్లు చేతిలో ఉంటాయి. టెన్షన్ లేకుండా పరీక్షించుకుని మారడానికి అది చాలు. పదేళ్లు, పదిహేనేళ్లు కావాల్సింది ఫ్యాక్టరీ యంత్రాలకు, విద్యుత్ వ్యవస్థలకు, ఆస్పత్రి పరికరాలకు. ఆ ఖర్చు వాటిని అమ్మేవాళ్లే పెట్టుకోవాలి. సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ పేరుతో కంపెనీలు కలిసి కొన్ని కెర్నల్ వెర్షన్లను పదేళ్లకు పైగా నడుపుతున్నది ఈ పద్ధతిలోనే. 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన ఐరోపా యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టమూ ఇదే దారి పట్టింది. వస్తువు ఆయుష్షు అంతకన్నా తక్కువైతే తప్ప, కనీసం ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వాల్సిన బాధ్యతను తయారీదారు మీద పెట్టింది. లాభాపేక్ష లేకుండా కోడ్ రాసేవాళ్ల నెత్తిన రుద్దలేదు. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ నుంచి వర్తిస్తాయి.

డిస్ట్రోలు, అంటే ఫెడోరా, డెబియన్ లాంటి లైనక్స్ రకాలు తెచ్చేవాళ్లు, వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. సిస్టమ్ పేరు, వెర్షన్ వివరాలుండే ఓఎస్-రిలీజ్ ఫైల్‌లో సపోర్ట్ ముగిసే తేదీ రాసే వీలు ఇప్పటికే ఉంది. ఆ తేదీ దాటితే, లైనక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ సిస్టమ్‌డీ బూట్ సమయంలోనే హెచ్చరిస్తుంది. ఫెడోరా ఆ తేదీని నింపుతోంది. మిగతావాళ్లూ నింపాలి. డౌన్‌లోడ్ బటన్ పక్కన కూడా ఎల్‌టీఎస్ అని రాసి ఊరుకోకుండా, నెల, సంవత్సరంతో సహా ఆ తేదీ వేయాలి.